స్టీరింగ్ వదులైతే ముందుగా బాక్సు మీద పడవద్దు

సంపాదకులకు నమస్కారం.

కొరాపుట్ కొండల నుంచి సాలూరు వైపు దిగే సుంకి ఘాట్‌లోనో పొట్టంగి మలుపుల్లోనో కూరగాయల లోడుతో దిగుతున్న పికప్ బోల్తాపడిందని మీ పత్రిక సరిహద్దు జిల్లాల పేజీలో వార్త వచ్చినప్పుడల్లా, అతివేగమో నిద్రమత్తో కారణమని ఒక్క వాక్యంలో తేల్చివేయడం చూస్తున్నాను. అనేకసార్లు అది నిజమే అయి ఉండవచ్చు. కానీ పన్నెండేళ్లు, పదిహేనేళ్లు తిరిగిన బండిలో డ్రైవరు స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం ఏ మేరకు తిరుగుతోందో, ఆయన తిప్పకపోయినా అది ఎంత తిరుగుతోందో ఎవరూ అడగడం లేదు. పాత పికప్‌లలో ఈ లోపాన్ని వెతికే పద్ధతే మా ప్రాంతంలో తలకిందులుగా సాగుతోంది. ఆ విషయమై నాకు తెలిసినంత రాయడానికి మీ లేఖల శీర్షికలో కొంత చోటు కోరుతున్నాను.

నేను జయపురంలో సరుకు వాహనాల విడిభాగాల దుకాణం నడుపుతున్నాను. కొరాపుట్ ప్రాంతం 1936కు ముందు విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. రాష్ట్రం మారినా మా వ్యాపారపు దారి పెద్దగా మారలేదు. కుందిలి సంతలో ఎత్తిన కూరగాయలు, అల్లం, పాతవాళ్లు ఇప్పటికీ 43 అనే పిలిచే 26వ నంబరు జాతీయ రహదారి మీదుగా ఘాట్ దిగి సాలూరు, విజయనగరం చేరతాయి. తిరుగు ప్రయాణంలో సిమెంటో కిరాణా సరుకో ఎక్కుతుంది. ఒకే బండి బరువుతో ఘాట్ దిగి, బరువుతో ఎక్కి, మధ్యలో పల్లె దారుల్లో ఖాళీగా ఎగిరెగిరి పడుతుంది. ఇంత తిరుగుడు తరువాత కూడా ముందు ఇరుసు దగ్గరి కీళ్లు అరగకుండా ఉంటేనే ఆశ్చర్యపోవాలి.

మా దుకాణంలో తెలుగు, ఒడియా, దేశియా మూడూ వినిపిస్తాయి. స్టీరింగ్ విషయంలో ఫిర్యాదు మాత్రం అన్నిటా ఒక్కటే. స్టీరింగ్ తిప్పుడును చక్రాల వైపు పంపే పళ్ల పెట్టె, అంటే స్టీరింగ్ బాక్సు, పోయిందట, దాని మరమ్మతు కిట్ ఇవ్వాలట. బండి పక్కకు లాగుతోందా, తిన్నగా పోక ఊగుతోందా, గుంతలో పడ్డప్పుడు చక్రం కొట్టుకుంటోందా, మలుపు తిప్పాక స్టీరింగ్ వెనక్కి రావడం లేదా అని అడిగితే చాలామంది చెప్పలేరు. నిజానికి ఈ నాలుగూ నాలుగు వేరు వేరు జబ్బులు. వాటి కారణాలు కూడా చాలావరకు వేరు. అడిగిన కిట్ ఇచ్చి పంపడమే నా గల్లాపెట్టెకు మంచిది గాని, అదే బండి నెల తిరక్కుండా అదే ఫిర్యాదుతో వస్తే యజమాని ముఖం చూడడం కష్టం.

బాక్సు మీదికి అందరి చేయీ ఎందుకు పోతుందంటే, దాని పైమూత మీద ఒక సర్దుబాటు స్క్రూ, దానికి లాక్ నట్ కంటికి కనిపిస్తూ ఉంటాయి. పానా, స్క్రూడ్రైవరు ఉంటే చాలు, రెండు నిమిషాల పని. పావు చుట్టు బిగించగానే వదులు తగ్గినట్టు అనిపిస్తుంది, డ్రైవరు సంతోషిస్తాడు. ఈ తరహా బాక్సు లోపలి పళ్లను తయారీలోనే నడి భాగంలో కాస్త బిగుతుగా, రెండు చివరలకు పోయేకొద్దీ కాస్త వదులుగా ఉండేలా అమర్చుతారు. బండి ఎక్కువ కాలం తిన్నగానే నడుస్తుంది కనుక అరుగుదల కూడా నడి భాగంలోనే ఎక్కువ. అక్కడి వదులు పూర్తిగా పోయేంతవరకు స్క్రూ బిగిస్తే, అరగని చివరి భాగాల్లో పళ్లు ఒకదానినొకటి పట్టేస్తాయి. అప్పుడు ఘాట్ మలుపులో తిప్పిన స్టీరింగ్ తిరిగి రాదు; డ్రైవరు దాన్ని బలవంతంగా వెనక్కి లాగవలసి వస్తుంది. వెంటనే ఎదురు మలుపు వచ్చే దారిలో ఆ ఒక్క క్షణం ఆలస్యం ఎంత పని చేస్తుందో ఘాట్ ఎరిగినవారికి చెప్పనక్కరలేదు. వదులైన స్టీరింగ్ కంటే ఇలా బిగదీసిన స్టీరింగే ప్రమాదకరమని నా అభిప్రాయం, ఎందుకంటే వదులు చేతికి తెలుస్తుంది గనుక డ్రైవరు జాగ్రత్తపడతాడు, బిగుతును మాత్రం బాగుపడిందని నమ్ముతాడు.

అసలు వదులు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఏదీ విప్పనక్కరలేదు, ఇద్దరు మనుషులు చాలు. బండిని సమతలంగా ఉన్న గట్టి నేల మీద, బరువు చక్రాల మీదే ఉండేట్టు నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టాలి. పవర్ స్టీరింగ్ ఉన్న బండి అయితే గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను నడుస్తూ ఉండాలి. ఒకరు సీట్లో కూర్చుని స్టీరింగ్‌ను కొద్దిగా ఇటూ అటూ ఆపకుండా కదుపుతూ ఉండాలి. ముందు చక్రం తిరిగేంతగా కాదు, వదులు మేరకే. రెండోవారు ఆ కదలిక వెంబడి పై నుంచి కిందికి ఒక్కొక్క కీలును చూస్తూ, వేలు ఆనించి పట్టుకుంటూ రావాలి. స్టీరింగ్ రాడ్డు మీది యూనివర్సల్ జాయింటు పైభాగం కదిలి కిందిభాగం ఆలస్యంగా కదిలితే వదులు అక్కడే ఉంది. బాక్సులోకి వెళ్లే షాఫ్టు తిరుగుతున్నా బయటికి వచ్చే చేయి, అంటే డ్రాప్ ఆర్మ్, కదలకపోతే అప్పుడు మాత్రమే బాక్సును అనుమానించాలి. డ్రాప్ ఆర్మ్ కదిలి, దాన్ని చక్రానికి కలిపే కడ్డీ అయిన డ్రాగ్ లింక్ ఆగిపోతే ఆ చివర గిన్నెలో గుండులా తిరిగే కీలు, అంటే బాల్ జాయింటు, అరిగినట్టు; డ్రాగ్ లింక్ కదిలి అవతలి చక్రానికి వెళ్లే టై రాడ్ ఆలస్యం చేస్తే దాని చివరి కీలైన టై రాడ్ ఎండ్ అరిగినట్టు. కంటికి కనిపించనంత చిన్న తేడా కూడా రెండు భాగాలు కలిసేచోట వేలు పెడితే టిక్కుమని తగులుతుంది.

ఈ పరీక్షలో చాలామంది చూడని చోటు ఒకటుంది. బాక్సును ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు వదులైనా, ఆ బోల్టుల చుట్టూ ఛాసిస్ రేకు పగిలినా, స్టీరింగ్ కదిపినప్పుడు బాక్సు మొత్తం ఛాసిస్ మీద ఊగుతుంది. పేరుకున్న మట్టినీ గ్రీజునూ గీకి చూస్తే తప్ప ఆ పగులు కనబడదు. బాక్సులో ఎన్ని కొత్త బేరింగులు వేసినా ఆ ఊగు పోదు. ఛాసిస్ వెల్డింగు కూడా ఎవరుబడితే వారు చేయగల పని కాదు. రోడ్డు పక్క అతుకు పెట్టించుకుని ఘాట్ దిగడం కన్నా ఒక సంత పోగొట్టుకోవడం మేలు.

ఎంత వదులును చట్టం ఒప్పుకుంటుందన్న ప్రశ్న కూడా వస్తూ ఉంటుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 98వ నియమం స్టీరింగ్ చక్రం దగ్గర వదులు 30 డిగ్రీలు దాటకూడదనీ, బాల్ జాయింట్లకు రబ్బరు టోపీలు ఉండాలనీ, బోల్టులు, పిన్నులు జారిపోకుండా తగిన విధంగా బంధించి ఉండాలనీ చెబుతోంది. 40 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న స్టీరింగ్‌కు 30 డిగ్రీలంటే అంచు దగ్గర దాదాపు పది సెంటీమీటర్లు, అంటే నాలుగు అంగుళాలు. అది దాటకూడని హద్దు మాత్రమే. అంతవరకు ఆగవచ్చని కాదు. అందులో సగం వచ్చినప్పుడే ఘాట్ బండిని కిందినుంచి చూడడం మంచిది. రబ్బరు టోపీల మాటను కూడా తేలికగా తీసుకోవద్దు. పది రూపాయల రబ్బరు చిరిగితే ఎర్రమట్టి, వాననీరు కలిసి కొత్త బాల్ జాయింటును కూడా ఒక్క వర్షాకాలంలో తినేస్తాయి.

కీళ్లన్నీ గట్టిగా ఉండి కూడా బండి పక్కకు లాగుతుంటే టైర్ల దగ్గరికి పోవాలి. గాలిని బండి చల్లగా ఉన్నప్పుడు, తయారీదారు చెప్పిన లెక్క ప్రకారం చూడాలి. పంక్చరు దుకాణంలో చేత్తో కొట్టి చూసే పద్ధతిని నేను నమ్మను. ముందు రెండు టైర్లు ఒకే సైజు, ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదల కలిగి ఉండాలి. ఒక పక్క రేడియల్, మరో పక్క నైలాన్ టైరు వేసిన బండ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటికి చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ చేయించడం డబ్బు పారబోయడమే. రెండూ ఒకేలా ఉన్నా లాగుతుంటే, తిరిగే దిశ గుర్తు లేని టైర్లయితే ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి నడిపి చూడాలి. లాగుడు కూడా పక్క మారితే దోషం టైరుది, మారకపోతే బండిది.

టైరు అరిగిన తీరు కూడా ఎన్నో సంగతులు చెబుతుంది. రెండు అంచులు అరిగి నడుమ మిగిలితే గాలి తక్కువ, నడుమ అరిగితే ఎక్కువ. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ గాని, ముందు చక్రం ఇటూ అటూ తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్ అరగడం గాని కారణం. అరచేతిని టైరు మీద అడ్డంగా ఒకవైపు జరిపితే నున్నగా, మరోవైపు జరిపితే రంపంలా తగిలితే చక్రాల ముందు వెనుకల దూరం, అంటే టో, సరిగా లేదు. అక్కడక్కడ గుంటలు పడినట్టు అరిగితే షాక్ అబ్జార్బరునో వీల్ బేరింగునో చూడాలి. ముందు చక్రాలకు పాత టైరు మీద కొత్త పైపొర అతికించిన రీసోల్ టైరు వేయడాన్ని మాత్రం ఎన్ని లెక్కలు చెప్పినా నేను సమర్థించలేను.

మా ప్రాంతపు బండ్లలో ఎక్కువ ఇబ్బంది ఇరుసు మీద బండి బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగుల, అంటే కమాన్ కట్టల, దగ్గరే ఉందని నా నమ్మకం. దాన్ని స్టీరింగ్ సమస్యగా ఎవరూ చూడరు. సిమెంటు మోయడానికి వెనుక రెండు అదనపు పట్టీలు వేయిస్తారు. బరువు ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. బరువు దించాక వెనుక భాగం లేచి బండి ముందుకు వంగి నిలబడుతుంది. ముందు కట్టలు ఏళ్ల తరబడి కుంగి ఉంటాయి కనుక ఆ వంపు మరింత పెరుగుతుంది. ముందు చక్రాలు తిరిగే కింగ్ పిన్ పైభాగం కాస్త వెనక్కి వాలి ఉండాలి. సైకిల్ ముందు ఫోర్కు వాలు లాంటిదే ఇది, చేతులు వదిలినా సైకిల్ తిన్నగా పోవడానికి ఆ వాలు కూడా తోడ్పడుతుంది. రెండు ఇరుసుల మధ్య 2.75 మీటర్ల దూరం ఉన్న బండికి వెనుక భాగం 5 సెంటీమీటర్లు లేస్తే ఆ వాలు సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. ఉండవలసిన మొత్తమే కొద్ది డిగ్రీలు. అందులో ఒక డిగ్రీ పోతే బండి తిన్నగా పోవడం మరచి రోడ్డంతా వెతుక్కుంటుంది. "లోడు ఉంటే బాగుంటుంది, ఖాళీగా పోతే ఊగుతుంది" అని డ్రైవరు చెప్పినప్పుడు నేను కిట్ తీయను, వెనుక కట్టల్లో పట్టీలు లెక్కపెట్టి రమ్మంటాను.

మరోవైపు, మోయగలిగినదానికి మించి వెనుక బరువు వేస్తే ముందు ఇరుసు తేలికపడి, ఘాట్ ఎక్కేటప్పుడు స్టీరింగ్ చేతికి ఆనకుండా తేలుతుంది. ఇది ఏ మెకానిక్కూ బాగుచేయగల లోపం కాదు. అధిక బరువుకు 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, అదనపు టన్నుకు మరో 2,000 జరిమానా ఉంది. జరిమానాకు భయపడేవారు కొందరున్నారు గాని, తేలిన స్టీరింగ్‌కు భయపడేవారు అంతకంటే తక్కువ.

కట్టలకు సంబంధించి ఇంకో సంగతి. కట్టను ఇరుసుకు బిగించే యు బోల్టులు వదులై, నడుమ ఉండే సెంటర్ బోల్టు తెగితే ఇరుసు ఒక పక్క కొంచెం వెనక్కి జరుగుతుంది. వెనుక ఇరుసు అలా వాలితే బండి తిన్నగా పోవడానికి స్టీరింగ్‌ను ఎప్పుడూ ఒక పక్కకు పట్టి ఉంచాలి. వెనుకనుంచి చూసేవారికి బండి అడ్డంగా నడుస్తున్నట్టు కనిపిస్తుంది. ముందు చక్రాలు తిన్నగా నిలిపి, ముందు హబ్ నడుమ నుంచి వెనుక హబ్ నడుమ వరకు రెండు పక్కలా టేపుతో కొలిస్తే తెలిసిపోతుంది. అర అంగుళం తేడా వచ్చినా కట్టలు విప్పి చూడవలసిందే. కొత్త కట్టలు వేయించినవారు కొన్నాళ్లు తిరిగాక యు బోల్టులు మళ్లీ బిగించుకోవాలి. పట్టీలు ఒకదాని మీద ఒకటి సర్దుకున్నాక ఆ బోల్టులు తప్పకుండా కొంత వదులవుతాయి.

చక్రం పైకి లేపి చూసే పరీక్ష అందరికీ తెలిసిందే గాని సగమే చేస్తారు. ఇరుసు కింద జాకీతోపాటు స్టాండు పెట్టి, చక్రం పైభాగాన ఒక చేయి, కిందిభాగాన ఒక చేయి వేసి ఊపితే ప్లే, అంటే వదులు, తగులుతుంది. వెంటనే బేరింగు బిగించేస్తారు. అదే సమయంలో వేరొకరిని బ్రేకు తొక్కి పట్టమనాలి. బ్రేకు తొక్కగానే ఊగు పోతే బేరింగుదే. తొక్కినా మిగిలితే కింగ్ పిన్ బుష్షులది, కింగ్ పిన్ లేని బండి అయితే బాల్ జాయింట్లది. ఈ చిన్న తేడా తెలియక బాగున్న బేరింగును బిగదీసి, అది ఘాట్‌లో వేడెక్కి పట్టేసిన సందర్భాలు ఉన్నాయి.

స్టీరింగ్ బరువుగా ఉండి వెనక్కి రాకపోతే బాక్సా, కింగ్ పిన్నా అన్న వాదన కూడా ఒక్క పనితో తీరుతుంది. ముందు చక్రాలు రెండూ లేపి, డ్రాప్ ఆర్మ్ దగ్గర డ్రాగ్ లింక్ విప్పి వేరుచేయాలి. చక్రాలను చేత్తో తిప్పితే గట్టిగా ఉన్నాయంటే కింగ్ పిన్ ఎండిపోయింది. చక్రాలు తేలికగా తిరిగి స్టీరింగ్ బిగుతుగా ఉందంటే బాక్సు బిగదీసి ఉంది. తిరిగి కలిపేటప్పుడు పాత స్ప్లిట్ పిన్ను వంచి పెట్టకుండా కొత్తది వేయాలి. కింగ్ పిన్ ఎండిపోవడానికి కారణం ఎక్కువగా గ్రీజు కొట్టే తీరే. బండి నేల మీదే ఉండగా గ్రీజు గన్ను పెడితే, బరువు పడి ఒత్తుకుపోయిన వైపుకు గ్రీజు చేరదు. ఇరుసు లేపి, చక్రాన్ని ఇటూ అటూ తిప్పుతూ, పాత నల్ల గ్రీజు పోయి కొత్తది బయటికి కనిపించేదాకా కొట్టాలి. వానల్లో వాగులు దాటే బండికి మామూలు గడువుతో పనిలేదు, నీళ్లలో దిగిన ప్రతిసారీ కొట్టించాలి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. ఒక వేగం దగ్గర మాత్రమే స్టీరింగ్ వణికి, అది దాటగానే ఆగిపోతే మొదట చక్రాల బ్యాలెన్సింగ్ చూడాలి. గుంతలో పడ్డాక మొదలై వేగం బాగా తగ్గించేదాకా ఆగకపోతే మాత్రం కింగ్ పిన్, కీళ్లు. బ్రేకు తొక్కినప్పుడే లాగితే అది బ్రేకుల పని, స్టీరింగ్ జోలికి పోనక్కరలేదు. పవర్ స్టీరింగ్ బరువెక్కితే ఆయిలు మట్టం, బెల్టు చూసిన తరువాతే పంపును విప్పాలి. వీల్ అలైన్‌మెంట్ అన్నిటికన్నా చివర. అరిగిన కీలుతో చేసిన అలైన్‌మెంట్ దుకాణం గేటు దాటేలోపే చెదిరిపోతుంది.

ఎనిమిదేళ్లు దాటిన సరుకు వాహనానికి ఏడాదికోసారి ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. ఏడాదిలో ఒక్కరోజు బండిని సిద్ధం చేసి తీసుకుపోవడం ఎవరికైనా సాధ్యమే. కట్టల్లో తరువాత వేయించే పట్టీల సంగతి ఆ పరీక్ష కాగితంలో ఉండదు. అందుకని జయపురంలోని, లారీలకు పేరుపడ్డ సాలూరులోని వాహన యజమానుల సంఘాలకు మీ పత్రిక ద్వారా ఒక విజ్ఞప్తి చేస్తున్నాను. ఘాట్‌కు ఇటు సిమిలిగుడ దగ్గర, అటు సాలూరులో మనిషి నిలబడి కింద చూడగల ఒక గొయ్యి, ఒక మంచి లైటు, రెండు స్టాండ్లు ఉన్న చోటు ఏర్పాటు చేస్తే, పైన చెప్పిన ఇద్దరి పరీక్షకు పావుగంట కంటే ఎక్కువ పట్టదు. దానికి మెకానిక్ కూడా అక్కరలేదు, డ్రైవరూ క్లీనరూ చాలు.

మీ విలేకరులకు కూడా ఒక మనవి. ప్రమాదం జరిగిన వాహనాన్ని తరువాత మోటారు వాహనాల తనిఖీ అధికారి పరిశీలించి నివేదిక ఇస్తారు. వార్త వచ్చిన మర్నాటితో సరిపెట్టకుండా, వారం పది రోజుల తరువాత ఆ నివేదికలో స్టీరింగ్ కీళ్లు, కమాన్ కట్టలు, టైర్ల గురించి ఏమి ఉందో అడిగి, అదే పేజీలో నాలుగు వాక్యాలు ప్రచురించగలరని కోరుతున్నాను.

ఇట్లు,
విడిభాగాల వర్తకుడు,
జయపురం, కొరాపుట్ జిల్లా, ఒడిశా